దసరా తర్వాతి శనివారం ఇల్లు కట్టే సేవ: వచ్చేవాళ్లు ఇక్కడ చెప్పండి

సేవా కమిటీ కోఆర్డినేటర్:

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మన తెలుగు సంఘం సేవా దినం హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవా సంస్థ వాళ్లు కడుతున్న ఒక ఇంటి దగ్గర జరపాలని ఖాయమైంది. దసరా వెళ్లాక వచ్చే శనివారం, ఉదయం ఏడున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. సైటు అట్లాంటాకి దక్షిణం వైపు. అడ్రసు మాత్రం పేరు ఇచ్చినవాళ్లకే పంపుతాను. రేపు ఒక కుటుంబం కాపురం ఉండబోయే ఇల్లు అది, వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం బాగుండదు.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. ఈ సంస్థ పుట్టింది మన జార్జియా రాష్ట్రంలోనే, అమెరికస్ అనే చిన్న ఊళ్లో. ఆ ఊరి దగ్గర కోయినోనియా అని ఒక ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం ఉంది. 1942లో క్లారెన్స్ జోర్డన్, ఇంకొందరు కలిసి పెట్టారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చుని తినడమే నేరంలా చూసిన రోజుల్లో అక్కడ అందరూ కలిసి పనిచేశారు, కలిసి తిన్నారు. అందుకు వాళ్ల మీద కాల్పులు జరిగాయి, వాళ్ల కొట్టు మీద బాంబులు పడ్డాయి, వాళ్లతో ఎవరూ వ్యాపారం చేయకుండా ఊరంతా వెలివేసింది. అయినా కదల్లేదు. లాభం చూసుకోకుండా, వడ్డీ తీసుకోకుండా పేద కుటుంబాలకి ఇళ్లు కట్టి అమ్మాలన్న ఆలోచన అక్కడే మొదలైంది. మిలర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 1973లో ఆఫ్రికాలోని జైర్‌కి (ఇప్పటి డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో) వెళ్లి అదే పద్ధతిలో ఇళ్లు కట్టించారు. తిరిగొచ్చాక 1976లో ఈ సంస్థని స్థాపించారు. మన ఇండియాలో వాళ్లు పని మొదలుపెట్టింది 1983లో, ఖమ్మంలో. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఖమ్మం జిల్లా వాళ్లు మన సంఘంలో బోలెడంత మంది. ఈసారి పేర్లు ముందు మీవే రావాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇక్కడ ఇళ్లు ఉచితంగా పంచరు. ఆ కుటుంబం ఇల్లు కొనుక్కుంటుంది. నెల వాయిదా వాళ్ల ఆదాయంలో దాదాపు 30 శాతం దాటకుండా చూస్తారు. దానికి తోడు ఇంటివాళ్లే వందల గంటలు పనిచేయాలి, తమ ఇంటి మీదా, పక్కవాళ్ల ఇంటి మీదా. ఆ శనివారం మనతో పాటు వాళ్లూ సుత్తి పట్టుకుని ఉంటారు. మనం వెళ్లేది వాళ్లకి చేతిసాయం చేయడానికి. దయచేసి ఎవరూ అక్కడ దాతల్లా నిలబడొద్దు, ఆ కుటుంబాన్ని ‘పాపం’ అన్నట్టు పలకరించొద్దు.

ఇరవై మందికే చోటు. రోజంతా ఉండగలిగేవాళ్లే పేరు ఇవ్వండి. పదింటికి వచ్చి పన్నెండుకి వెళ్లిపోతానంటే ఆ చోటు ఇంకొకరికి ఇద్దాం. పొద్దున ఒక్కసారే భద్రత గురించి చెప్పి పనులు పంచుతారు. అది వినకుండా వచ్చినవాళ్లకి పని చెప్పడానికి మేస్త్రీ తన పని ఆపుకోవాలి.

జాయింట్ సెక్రటరీ:

చాలా మంచి కార్యక్రమం. నేనూ, మా ఆవిడా వస్తాం. ఒక్క మాట. స్పాన్సర్లు బ్యానర్ పెట్టమని అడుగుతున్నారు. అతిథులని పిలిచి పదకొండింటికి చిన్న స్టేజీ కార్యక్రమం పెట్టుకోవచ్చా?

కోఆర్డినేటర్:

స్టేజీ వద్దండీ. పని మధ్యలో ఇరవై మందినీ కిందికి దింపితే ఒక గోడ ఆగిపోతుంది. గ్రూపు ఫొటో పొద్దున భద్రత మాటలు అయ్యాక ఒకటి తీసుకుందాం, బ్యానర్ అప్పుడే. ఇంటివాళ్ల ఫొటోలు వాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే. పిల్లలవి అసలొద్దు. అతిథులు రావాలనుకుంటే హెల్మెట్ పెట్టుకుని మనతో పాటు మేకులు కొట్టమనండి, సంతోషంగా చోటిస్తాం. జిమ్మీ కార్టర్ గారిని గుర్తుచేసుకోండి. అమెరికస్ పక్కనున్న ప్లెయిన్స్ ఊరాయన, వేరుశనగ రైతు, ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు. 2019 అక్టోబరులో 95 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే ఇంట్లో పడి నుదుటికి 14 కుట్లు పడ్డాయి. కన్ను చుట్టూ కమిలిపోయి ఉండగానే నాష్‌విల్ వెళ్లి హ్యాబిటాట్ ఇళ్ల పనిలో కూర్చున్నారు. ఆయనా, ఆయన భార్య రోజలిన్ గారూ 14 దేశాల్లో 4 వేలకు పైగా ఇళ్ల పనుల్లో చెయ్యి వేశారు. 2006లో మన లోనావాలా దగ్గర మాలవ్లీకి కూడా వచ్చారు.

ఒక సభ్యురాలు:

అక్కా, నేను మా ఆయన ఉద్యోగ వీసాకి తోడుగా ఇచ్చే హెచ్‌4 వీసా మీద ఉన్నాను, ఉద్యోగం చేయకూడదు. రావచ్చా? ఈ మధ్య వీసా విషయంలో ప్రతిదానికీ టెన్షన్‌గా ఉంటోంది.

కోఆర్డినేటర్:

నీ భయం నాకు అర్థమైందమ్మా. లాభాపేక్ష లేని సేవా సంస్థలో, మామూలుగా వాలంటీర్లు చేసే పనిని, డబ్బు గానీ ఇంకే ప్రతిఫలం గానీ తీసుకోకుండా చేస్తే అది ఉద్యోగం కిందకి రాదు. ఇక్కడ అంతా అలాంటి పనే. అయినా మనసులో శంక ఉంటే మీ లాయర్‌ని ఒకసారి అడిగి రా. ధైర్యం లేకుండా రావొద్దు. ఆ రోజు మన హాల్లో చిన్నపిల్లలతో చేయించే పని చూసుకునేవాళ్లు కూడా కావాలి, అదీ ఇంతే ముఖ్యం.

ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఇంకోటి గమనించండి. చాలా కంపెనీలు వాలంటీరు గంటకి ఇంత అని సంస్థకి విరాళం ఇస్తాయి. మీ కంపెనీ పోర్టల్‌లో ఆ శనివారం గంటలు నమోదు చేయండి. ఐదు నిమిషాల పని, దాంతో నిజంగా కలప వస్తుంది.

ఒక సభ్యుడు:

అడగొచ్చో లేదో తెలీదు. అది క్రైస్తవ సంస్థ కదా, మత ప్రచారం లాంటిదేమైనా ఉంటుందా? మా అమ్మగారు అడుగుతున్నారు.

కోఆర్డినేటర్:

అడగడమే మంచిది. సంస్థ క్రైస్తవ విశ్వాసంలోంచే పుట్టింది, దాన్ని వాళ్లు దాచుకోరు. కానీ ఇల్లు ఇవ్వడానికి మతం చూడరు, సాయం అడ్డుపెట్టుకుని మతం మార్చడం వాళ్ల నియమాల్లోనే నిషిద్ధం. అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ వచ్చి పనిచేస్తారు. పొద్దున ఎవరైనా రెండు నిమిషాలు ప్రార్థన చేస్తే మౌనంగా నిలబడదాం. మన ఇంటి పూజలో వేరే మతం స్నేహితులు అలాగే నిలబడతారు కదా. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

రిటైర్డ్ ఇంజినీరు:

నేను పంచాయతీరాజ్‌లో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు గ్రీన్‌కార్డు మీద అబ్బాయి దగ్గరే ఉంటున్నాను. జీవితమంతా ఇటుక, సిమెంటు, కంకరతోనే గడిచింది. ఈ చెక్క ఇళ్ల పని నాకు కొత్త. డెబ్బై దాటినవాణ్ణి, నాకేమైనా పని ఉంటుందా?

కోఆర్డినేటర్:

బాబాయిగారూ, మీ పేరు మొదటి వరసలో రాశాను. వయసుకి పై హద్దు లేదు. గోడ ఫ్రేమ్ కొలతలు వేసే పని మీకు అచ్చొస్తుంది. ఇక్కడ గోడ అంటే నిలువు చెక్కలు, వాటి మీద పెద్ద రేకుల్లాంటి చెక్క షీట్లు. నిలువు చెక్కల మధ్య దూరం సాధారణంగా 16 అంగుళాలు. షీటు వెడల్పు 48 అంగుళాలు కాబట్టి ప్రతి మూడో దూరానికీ షీటు అంచు సరిగ్గా ఒక చెక్క నడిమధ్యకి వస్తుంది, మేకు దిగడానికి ఆనుకునే చోటు దొరుకుతుంది. కొలత అర అంగుళం జరిగితే అంచు గాల్లో ఉంటుంది. అందుకే కింది చెక్క మీద పెన్సిల్ గీత గీసి, నిలువు చెక్క గీతకి ఏ పక్కన రావాలో అటు ఇంటూ గుర్తు పెడతారు. గోడని నేల మీదే బిగించి, అందరూ పట్టి ఒక్కసారి పైకి లేపుతారు. తర్వాత రసమట్టం పెట్టి చూడటం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

సైడింగ్ పని, అంటే గోడ బయటి వైపు ప్లాస్టిక్ పలకలు బిగించే పని పడ్డవాళ్లకి ఒక హెచ్చరిక. ప్లాస్టిక్ పలకల మేకుని చివరిదాకా దించి బిగించకూడదు. మేకు తల కింద కాస్త సందు వదలాలి, పలక అటూ ఇటూ జరగాలి. లేకపోతే జార్జియా ఎండకి పలక సాగి, ఎటూ జరగలేక ఉబ్బిపోతుంది. గట్టిగా కొడితేనే మంచి పని అనుకునే అలవాటు మనకి ఎక్కువ, అందుకని చెప్తున్నాను.

ఒక తల్లి:

మా బాబుకి పధ్నాలుగు, పాపకి పదిహేడు. ఇద్దరికీ స్కూల్లో సర్వీస్ అవర్స్ కావాలి.

కోఆర్డినేటర్:

పాప రావచ్చు, బాబు సైటుకి రాకూడదు. పదహారు నిండనివాళ్లని పని జరిగే చోటికి రానివ్వరు. పద్ధెనిమిది లోపువాళ్లు కరెంటు రంపాలు ముట్టుకోకూడదు, పైకప్పు ఎక్కకూడదు. బాబుని ఆ రోజు హాలుకి పంపండి. పుస్తకాల అలమారాకి రంగులు వేయిస్తున్నాం, ఆ కుటుంబంలో బడికెళ్లే పిల్లలు ఉన్నారు. గంటల కాగితం మీద నేనే సంతకం చేస్తాను.

భోజనాల కమిటీ:

ఇడ్లీ, పులిహోర, దద్దోజనం, అరటిపళ్లు అనుకుంటున్నాం. ముప్పై మందికి సరిపోతుందా?

కోఆర్డినేటర్:

సరిపోతుంది వదినా. సైటు మేస్త్రీలనీ ఇంటివాళ్లనీ లెక్కలో వేసుకున్నారు కదా? పులిహోరలో వేరుశనగలు, జీడిపప్పు వేయకండి. ఇక్కడ పల్లీ ఎలర్జీ చాలామందికి ఉంటుంది. కారం కాస్త తగ్గించి, పచ్చిమిరపకాయలు ముక్కలు చేయకుండా నిలువుగా చీల్చి వేయండి, తీసి పక్కన పెట్టుకుంటారు. ప్రతి గిన్నె మీదా ఏమేం వేశారో ఇంగ్లీషులో చీటీ అంటించాలి. చెమ్చాతో తినేవే పెట్టండి, చేతులకి జిగురూ దుమ్మూ ఉంటాయి.

జాయింట్ సెక్రటరీ:

స్పాన్సర్లతో మాట్లాడాను. పొద్దున ఫొటో చాలన్నారు, ఇద్దరు పనికి కూడా వస్తామన్నారు.

కోఆర్డినేటర్:

చాలా సంతోషమండీ, థాంక్యూ. వాళ్లతో కలిపి పదిహేడు మంది అయ్యారు, ఇంకా మూడు చోట్లు ఉన్నాయి. వచ్చేవాళ్లందరూ బుధవారం లోపు ఆన్‌లైన్‌లో హామీపత్రం నింపాలి, అది లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. వేళ్లు కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, నీళ్ల సీసా తప్పనిసరి. చున్నీ, గాజులు, వేలాడే గొలుసులు ఇంట్లోనే ఉంచండి. హెల్మెట్లు, కళ్లద్దాలు, సుత్తులు వాళ్లే ఇస్తారు. సైటు దగ్గర పార్కింగ్ తక్కువ, ఆల్ఫరెటా, కమింగ్ వైపు నుంచి వచ్చేవాళ్లు కార్లలో సర్దుకోండి. ఆరున్నరకి బయల్దేరాలి. నా బండిలో ఇంకా నలుగురికి చోటుంది.