చెదల మందు: స్ప్రే చాలా, నేలకి కన్నాలు పెట్టాల్సిందేనా?

పాలకొల్లు ఇంటి అమ్మాయి:
నమస్కారం అండీ. పాలకొల్లు దగ్గర మా అమ్మానాన్నల ఇల్లు. 2009లో కట్టారు. మేడ లేదు, మూడు గదులు, హాలు, వంటిల్లు. పోయిన వారం అమ్మ దేవుడి గది గుమ్మం తుడుస్తుంటే వేలు చెక్కలోకి దిగిపోయిందట. పైన పెయింటు అలాగే ఉంది, లోపలంతా డొల్ల. బీరువా జరిపి చూస్తే నేల నుంచి కిటికీ దాకా గోడ మీద మట్టి తీగలు. ఇంటి దస్తావేజులు పైఅరలో ఉండబట్టి బతికిపోయాం, కింద అరలోని నా కాలేజీ పుస్తకాలు మాత్రం అట్టలే మిగిలాయి.

నాన్న అవన్నీ చీపురుతో దులిపి కిరోసిన్ పోశారు. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పక్క గదిలో స్విచ్‌బోర్డు దగ్గర మొదలయ్యాయి.

ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. ఒకాయన "స్ప్రే చేసేస్తాం, ఒక్క పూట పని, ఐదేళ్ళ గ్యారంటీ" అన్నాడు. రెండో ఆయన ఇల్లంతా గోడవారన కన్నాలు పెట్టాలంటున్నాడు, రేటు దాదాపు మూడు రెట్లు. టైల్స్ వేయించి రెండేళ్ళే అయింది, కన్నాలంటే నాన్న ససేమిరా అంటున్నారు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, ఫోన్లోనే తేల్చాలి. ఎవరి మాట నమ్మాలి? అమ్మకి ఆస్తమా ఉంది, అదొక టెన్షన్.

నంద్యాల టీచరమ్మ:
వేపనూనె పూసి చూడమ్మా. మా ఇంట్లో చెక్క అల్మరాకి పూస్తే మళ్ళీ రాలేదు.

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
టీచరమ్మ గారూ, అల్మరాకి పూస్తే అల్మరా జోలికి రాలేదు, అంతవరకు నిజమే. కానీ అవి ఉండేది అల్మరాలో కాదు కదండీ, నేల కింద. ఒక చోట మూసేస్తే ఇంకో దారి వెతుక్కుంటాయి. కిరోసిన్ పోశాక పక్క గదిలో తేలడం అదే.

అమ్మా, మీ ప్రశ్నకి సూటిగా చెబుతాను. రెండో ఆయన చెప్పిన పద్ధతే సరైనది. అయితే ఆయన దాన్ని సరిగ్గా చేస్తాడా లేదా అన్నది వేరే సంగతి, దానికి మీరు లెక్క కట్టుకోవాలి.

ముందు అసలు ఏం జరుగుతోందో చూడండి. గోడ మీద కనిపించే మట్టి తీగ చెదలు నడిచే సొరంగం. వాటికి ఎండ, గాలి పడవు, ఒళ్ళు ఎండిపోయి చస్తాయి. అందుకే మట్టిని తమ ఉమ్మితో కలిపి కప్పు వేసుకుంటూ దాని కింద నడుస్తాయి. రాణి, గుడ్లు, మిగతా సంసారమంతా మట్టిలోనే. మీకు కనిపించేవి తిండి మోసే కూలీలు మాత్రమే. స్ప్రే కొడితే ఆ కూలీలు చస్తారు, రాణి ఇంకొందరిని కంటుంది. పైగా టైల్ మీద కొట్టిన మందు అమ్మ నాలుగుసార్లు తడిగుడ్డ పెడితే పోతుంది.

మందు చేరాల్సింది టైల్ కింద, కాంక్రీట్ బెడ్ కింద ఉన్న మట్టిలోకి. కన్నం లేకుండా అక్కడికి చేరదు. కట్టేసిన ఇళ్ళకి ఈ పని ఎలా చేయాలో మన దేశపు ప్రమాణం ఒకటి ఉంది: ఐఎస్ 6313, మూడో భాగం. దాని ప్రకారం గోడ, నేల కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల కన్నం పెట్టి, ఇక లోపలికి దిగను అనేదాకా మందు పంపు చేయాలి, లేదా కన్నానికి ఒక లీటరు దాకా. గుమ్మాలు, కిటికీల చెక్క గోడకి ఆనిన చోట 6 మిల్లీమీటర్ల కన్నం ఏటవాలుగా కిందికి పెట్టి, అర లీటరు దాకా. ఇంటి బయట పునాది చుట్టూ అడుగు లోతు కాలువ తీసి, మీటరుకి రెండుంపావు లీటర్లు. బయట సిమెంట్ చేసి ఉంటే అక్కడా కన్నాలే.

ఇప్పుడు మీ లెక్క. పన్నెండు బై పది గదికి చుట్టుకొలత 44 అడుగులు, తలుపు తీసేస్తే దాదాపు 40 కన్నాలు. అన్ని గదులూ కలిపితే సుమారు 200. కన్నానికి సగటున అర లీటరే దిగిందనుకున్నా 100 లీటర్లు. ఇల్లు 30 బై 40 అనుకుంటే బయట చుట్టుకొలత 140 అడుగులు, అంటే 43 మీటర్లు, అక్కడ ఇంకో 96 లీటర్లు. మొత్తం ఇంచుమించు 200 లీటర్లు. పొలంలో వీపుకి తగిలించుకునే పంపు 16 లీటర్లు పడుతుంది. అలాంటి పంపు ఒక్కసారి నింపుకొచ్చి "అయిపోయిందండీ" అంటే ఏం అయిపోయిందో మీకే తెలుస్తుంది.

రేటు అడిగేముందు ఇద్దరినీ ఈ రెండే అడగండి: ఎన్ని కన్నాలు, ఎన్ని లీటర్లు? గ్యారంటీ కాగితం ఎవడైనా ప్రింట్ చేస్తాడు.

పాలకొల్లు ఇంటి అమ్మాయి:
సార్, చాలా థాంక్స్. ఇద్దరికీ ఫోన్ చేశాను. మొదటాయన "అవన్నీ మీకెందుకు మేడమ్, మా దగ్గర ఫారిన్ మందు ఉంది" అన్నాడు. రెండో ఆయన 180 కన్నాల దాకా వస్తాయని, మందు ఇమిడాక్లోప్రిడ్ అని చెప్పాడు. ఇది మంచిదేనా? నాన్న టైల్స్ సంగతి కూడా చెప్పండి.

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
మంచిదే. మా సర్వీసు మొదట్లో ఆల్డ్రిన్ పోసేవాళ్ళం, దాన్ని ఎప్పుడో నిషేధించారు. తర్వాత క్లోర్‌పైరిఫాస్ వచ్చింది. 20 శాతం డబ్బా, ఒక లీటరుకి 19 లీటర్ల నీళ్ళు. పనిచేస్తుంది గానీ ఆ వాసన ఇంట్లో రోజుల తరబడి ఉంటుంది, ఆస్తమా ఉన్న ఇంట్లో నేనైతే వద్దంటాను. ఇమిడాక్లోప్రిడ్‌కి వాసన దాదాపు ఉండదు. ఇంకో గుణం, అది ఉన్నట్టు చెదలకి తెలియదు. మందు పడిన మట్టిలోంచి నడిచి వెళ్ళి, ఒకదాన్నొకటి నాకుతూ మిగతావాటికీ అంటిస్తాయి. బైఫెన్‌త్రిన్ అని ఇంకో చెదల మందు ఉంది, అది అలా కాదు, దాన్ని పసిగట్టి వెనక్కి పోతాయి. అది కంచె లాంటిది. కంచెలో చిన్న సందు మిగిలినా అక్కడినుంచి వస్తాయి.

ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం డబ్బా అయితే లీటరు నీళ్ళకి 2.1 మిల్లీలీటర్లు. 200 లీటర్లకి 420 మిల్లీలీటర్లు. కాబట్టి సీలు తీయని డబ్బా మీ నాన్నగారి కళ్ళముందే తీయమనండి, ఎక్స్‌పైరీ తేదీ చూడమనండి, ఖాళీ డబ్బాతో ఫోటో దిగమనండి. కూలీ పనిలో మోసం తక్కువ, మందులో నీళ్ళు కలపడంలోనే ఎక్కువ.

అన్నట్టు మీది చెరువుల ఊరు. పని అయ్యాక పంపు, బకెట్లు కాలవలోనో రొయ్యల చెరువు గట్టునో కడగనివ్వకండి. ఈ మందులు చేపకీ రొయ్యకీ విషం. ఇంటి ఆవరణలో నుయ్యి ఉంటే ఆ వైపు బయట మందు పోయించొద్దు. వాన పడేటట్టు ఉన్నా, నేల తడిసి ముద్దగా ఉన్నా బయటి పని వాయిదా వేయండి.

టైల్స్ గురించి: పెద్ద సైజు టైల్స్ అయితే అంచుకి అరంగుళం వదిలి, లేదా రెండు టైల్స్ మధ్య సందులో పెడతారు. తర్వాత అదే రంగు వైట్ సిమెంట్‌తో పూడుస్తారు. కొత్తలో చుక్కలు కనిపిస్తాయి, అబద్ధం చెప్పను. మిషన్‌ని సుత్తిలా కొట్టే మోడ్‌లో పెట్టి టైల్ మీద మొదలెడితే పగులుతుంది. టైల్ దాటేదాకా మామూలుగా తిప్పి, కాంక్రీట్ తగిలాక కొట్టమనండి. బాత్రూమ్ లోపల మాత్రం కన్నం వద్దు, వాటర్‌ప్రూఫింగ్ పోతుంది. నేలలో కరెంటు పైపులు ఎటు పోయాయో నాన్నగారికి గుర్తుంటే చాక్‌పీస్‌తో గీసి ఉంచమనండి.

వడ్రంగి మేస్త్రి:
ఒక మాట అమ్మా. మందు పని అయ్యేదాకా ఆ గుమ్మం పీకొద్దు. చాలామంది ముందు కొత్త గుమ్మం పెట్టించి తర్వాత మందు కొట్టిస్తారు, ఆరు నెలలకి మళ్ళీ నన్ను పిలుస్తారు. నాకు పని దొరుకుతుంది గానీ మీకే నష్టం. టేకు అంటే చెద పట్టదని అనుకుంటారు. చేవకైతే తొందరగా పట్టదు. అంచున తెల్లగా ఉండే భాగం వదలకుండా కోసి అమ్ముతారు, ఆ తెల్లదాన్ని మాత్రం అప్పడంలా తినేస్తాయి. కొనేటప్పుడు రంగు చూసుకోండి. గుమ్మం కింద కాళ్ళు నేలలోకి దింపకుండా గడప రాయి మీద నిలబెట్టించుకుంటే ఇంకా మంచిది.

కరీంనగర్ తమ్ముడు:
అన్నా, నేను కొత్త ఇల్లు కడుతున్న. బేస్‌మెంట్‌ల మట్టి నింపుడు నడుస్తుంది. ఇప్పుడే ఏమన్న చేయాల్నా?

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
తమ్ముడూ, ఇదే సరైన అదను. మట్టి నింపి, దిమ్మిస కొట్టాక, బెడ్ కాంక్రీట్ వేసేముందు మట్టి పైభాగమంతా చదరపు మీటరుకి 5 లీటర్లు. పునాది గోడల పక్కలకి చదరపు మీటరుకి ఏడున్నర. 1,200 చదరపు అడుగులంటే 111 చదరపు మీటర్లు, పైభాగానికే దాదాపు 560 లీటర్లు. ఇది అదే ప్రమాణంలో రెండో భాగం. మందు పోశాక ఆ మట్టిని మళ్ళీ గెలకొద్దు, వెంటనే కాంక్రీట్ వేసేయండి. కన్నాలు, టైల్స్ గొడవ లేదు.

అంతకన్నా ముందు ఆ ఫిల్లింగ్‌లో ఏముందో ఒకసారి దిగి చూడండి. సెంట్రింగ్ చెక్క ముక్కలు, సిమెంట్ కాగితపు సంచులు, చెట్టు మొదళ్ళు అందులోనే పడేసి పూడ్చేస్తారు. చెదలకి విందు పరిచినట్టే.

అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు:
మా ఫ్లాట్‌లో కూడా వచ్చాయి. మూడో అంతస్తుకి ఎలా ఎక్కాయి?

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
పైపులు వెళ్ళే డక్ట్‌లోంచి. మీ ఒక్కరి ఫ్లాట్‌లో కొట్టిస్తే సరిపోదు, అసోసియేషన్‌తో మాట్లాడి డక్ట్ మొదలు కింద సెల్లార్‌లో చూడండి. అలాగే ఎక్కడైనా నీటి లీకేజీ ఉంటే ముందు అది ఆపండి.

కానీ మీరు చూసింది మట్టి తీగేనా? గుమ్మం కింద పిండిలాంటి మెత్తటి పొడి మాత్రమే రాలుతూ, చెక్క మీద గుండుసూది కన్నాలు ఉంటే అది చెద కాదు, కర్ర తొలిచే పురుగు. దానికి నేలలో మందు పోయించడం డబ్బు దండగ, ఆ చెక్కకే చూడాలి.

పాలకొల్లు ఇంటి అమ్మాయి:
లైసెన్స్ లాంటిది ఏమైనా అడగాలా సార్?

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
అడగాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద వ్యవసాయ శాఖ ఇచ్చే లైసెన్స్ ఉండాలి. దాన్ని తీసుకోవాలంటే వ్యవసాయంలోనో, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా సైన్సులోనో డిగ్రీ ఉన్నవాళ్ళు శిక్షణ సర్టిఫికెట్ పొంది ఉండాలి. శిక్షణ ఇచ్చే సంస్థల్లో ఒకటి మన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఫోటో పంపమంటే తడబడితే వదిలేయండి.

గ్యారంటీ కాగితం కూడా చదవండి. మళ్ళీ చెదలొస్తే మళ్ళీ మందు కొడతాం అనే రాసి ఉంటుంది. పాడైన గుమ్మానికి, పుస్తకాలకి డబ్బు ఇస్తామని ఉండదు. ఏటా ఒకసారి వచ్చి చూస్తామని రాయించుకోండి.

పాలకొల్లు ఇంటి అమ్మాయి (పదిహేను రోజుల తర్వాత):
పని అయింది. ఉదయం తొమ్మిదికి మొదలెట్టి సాయంత్రం ఆరు దాకా చేశారు. అమ్మని పిన్ని వాళ్ళింటికి పంపాం, మూడో రోజు వచ్చింది, ఇబ్బంది లేదు. నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని కన్నాలు లెక్కపెట్టారు: 187. రెండు టైల్స్ పగిలాయి, కన్నాల మీద మొదటి నుంచీ కోపమే కాబట్టి ఇప్పుడు ఆయన మాటే నెగ్గిందన్నట్టు ఉన్నారు.

కానీ స్విచ్‌బోర్డు దగ్గర ఇంకా తీగ కనిపిస్తోంది. పని చేయలేదా?

రిటైర్డ్ సైట్ ఇంజనీరు:
కంగారు పడకండి. ఆ మందు నెమ్మదిగా పాకుతుంది, కొన్ని వారాలు పట్టొచ్చు. ఎండిన మట్టి తీగ తనంతట తాను రాలిపోదు, కాబట్టి తీగ ఉన్నంత మాత్రాన లోపల చెద ఉన్నట్టు కాదు. మధ్యలో ఒక అంగుళం గీకేసి, పక్కన పెన్సిల్‌తో తేదీ వేయమనండి. వారంలో ఆ ఖాళీని తడి మట్టితో మళ్ళీ పూడిస్తే లోపల బతికున్నాయి, ఫోటో తీసి వాళ్ళని పిలవండి. కరెంటు బోర్డు కాబట్టి గీకే ముందు మెయిన్ ఆపాలి.

పాలకొల్లు ఇంటి అమ్మాయి:
ఎనిమిదో రోజు. ఖాళీ అలాగే ఉంది సార్. ఇంకో చోట కూడా గీకి తేదీ వేశారు నాన్న. వచ్చే నెల గుమ్మానికి మేస్త్రిని పిలుస్తున్నాం.

వడ్రంగి మేస్త్రి:
పాత గుమ్మం తీశాక దాన్ని పెరట్లో గోడకి ఆనించి పెట్టొద్దమ్మా. అదే రోజు పొయ్యిలోకి పంపేయండి.