చిన్న చేతులతో పియానో మీద పెద్ద కార్డ్‌లు: మీరెట్ల సర్దుకుంటున్నరు?

చిన్నచేతులు, హన్మకొండ
అందరికి నమస్తే. డిగ్రీ చదువుతున్న అమ్మాయిని. నా జాన చాలా చిన్నది. బొటనవేలు ఒక సి మీద పెడితే చిటికెనవేలు పై సి అంచును తాకుతది, అంటే ఒక ఆక్టేవ్, అంతే. కార్డ్ (ఒకేసారి నొక్కే కొన్ని నోట్లు) కోసం నడుమ ఇంకో రెండు నోట్లు పట్టాల్నంటే అరచెయ్యి మొత్తం బిగుసుకపోతది. రష్యన్ సంగీతకారుడు రఖ్మానినోవ్ రాసిన సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్ అనే చిన్న పియానో రచన మీద మనసుపడ్డ. మొదటి మూడు ఆక్టేవ్‌లు మంచిగనే వస్తున్నయి. చివర్ల అదే నాలుగు స్టాఫ్‌ల (నోట్లు రాసే గీతల వరసల) మీద తిరిగొస్తది కదా, ఆడ ఆగిపోతున్న. వేళ్లు సాగదీసే ఎక్సర్‌సైజులు చెయ్యమన్నరు గానీ చేసినంక ముంజెయ్యి గుంజుతాంది. నోట్లు తీసేసి వాయిస్తే తప్పా?

కాజీపేట కోయిర్
ముందుగాల ఆ సాగదీసుడు బంద్ చెయ్యి చెల్లె. ఎక్సర్‌సైజులతోని వేళ్ల పొడుగు పెరగదు, ఉన్న చెయ్యి ఖరాబైతది. ఆక్టేవ్ అంటే ఇంచుమించు 6.5 అంగుళాలు. ఆ కొలత నీ చేతిని చూసి పెట్టింది కాదు, నీ తప్పేం లేదు. జోసెఫ్ హాఫ్‌మన్ అంతటి పియానిస్టుకే చేతులు చిన్నవని పియానోలు చేసే స్టైన్‌వే కంపెనీ వాళ్లు సన్న కీల పియానో చేసిచ్చిన్రు. ఇప్పుడు 5.5 అంగుళాల ఆక్టేవ్‌తోని కూడా కీబోర్డ్‌లు తయారైతున్నయి. మన దిక్కు అవి యాడ చూస్తం? నోట్లే మార్చుకోవాలె.

టీచరమ్మ, నక్కలగుట్ట
ఆ ప్రెల్యూడ్ నేను పిల్లలకు నేర్పిస్తుంటాను, కాబట్టి కొంచెం వివరంగా చెబుతా. కార్డ్‌లో కింది బేస్, పైన పాడే నోటు, ఈ రెండూ పోకూడదు. మిగతావాటిలో ఒకటి చాలాసార్లు వేరేచోట ఉన్న నోటే మళ్లీ వచ్చి ఉంటుంది. కుడిచేతిలో జి షార్ప్, సి షార్ప్, ఇ, పై జి షార్ప్ పట్టాల్సొచ్చిందనుకో. కింది జి షార్ప్ వదిలెయ్, ఎడమచేతిలో అది మోగుతుంటే చాలు. ఇప్పుడు నీ చెయ్యి సి షార్ప్ నుంచి జి షార్ప్ దాకా తెరుచుకుంటే సరిపోతుంది.

ఎడమచేతికి పదో నోటు దూరం వస్తే, పై నోటును కుడి బొటనవేలికి అప్పజెప్పు. వీలున్న ప్రతిచోటా అదే మేలు. కుదరకపోతే కార్డ్‌ను కింది నుంచి పైకి విరిచి వాయించాలి. బేస్ కొట్టి, అది మోగుతుండగానే, చెయ్యి తీసినా నోటును మోగనిచ్చే పెడల్ తొక్కి, ఆ తర్వాతే చెయ్యి పైకి వెళ్లాలి. పెడల్ పడకముందే బేస్ వదిలేస్తే కార్డ్ అడుగు ఊడిన బిందెలా ఉంటుంది. రఖ్మానినోవ్ రెండో కాన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పియానో రచన) మొదటి కార్డ్‌లను పేరున్న పియానిస్టులే ఎందరో విరిచి వాయిస్తారు, కాబట్టి మనసులో ఏమీ పెట్టుకోకు.

ఆక్టేవ్‌లు వరసగా వస్తే నల్ల కీల మీద 1-4 (బొటనవేలు, ఉంగరపువేలు) వద్దు, అన్నిటికీ 1-5 (బొటనవేలు, చిటికెనవేలు) పెట్టు. ఒక ఆక్టేవ్‌కూ ఇంకోదానికీ నడుమ చెయ్యి ముడుచుకోనివ్వాలి. తెరిచిన చెయ్యి తెరిచినట్టే మోసుకుపోతే ముంజెయ్యి పట్టేస్తుంది. తిమ్మిర్లు, మొద్దుబారడం ఉంటే మాత్రం ఆపేసి డాక్టర్‌కు చూపించు.

జమ్మికుంట బ్రదర్
నా కుడిచేతి ఉంగరపువేలు మక్కలు పట్టే మిషన్ల పడి సగం పోయింది. చర్చిల కీబోర్డ్ వాయిస్త. సి మేజర్ స్కేల్ 1-2-3, 1-2-3, 1-2 అని పోత. బొటనవేలు ఒకసారి ఎక్కువ దాటాలె, అందుకే ఫాస్ట్ పాటలల్ల స్పీడ్ కొద్దిగ తగ్గుతది. ఫ్లాట్‌లు ఎక్కువున్న పాటైతే శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి అలవాటైన స్కేల్‌కు తెచ్చుకుంట. కొందరు దాన్ని చులకనగ చూస్తరు. పాడేటోళ్లకు శృతి కుదిరిందా లేదా, నాకు అదే ముఖ్యం.

మంచిర్యాల సస్టెయిన్
చేతుల ముచ్చటే నడుస్తాంది, కాళ్ల గురించి నేను చెప్త. పోలియోతోని నా కుడికాలు పనిచెయ్యదు. కీబోర్డ్ పెడల్ వైరుకున్న విడి డబ్బానే కదా, ఎడమ పక్కకు జరుపుకున్న. నున్నటి బండల మీద జారుతది, కింద రబ్బర్ మ్యాట్ వెయ్యాలె. పెడల్ మీద కాలు పెట్టి స్విచ్ వేస్తే చాలా కీబోర్డ్‌లల్ల ఉల్టా పనిచేస్తది, తొక్కితే ఆగుతది, వదిలితే మోగుతది. ఆఫ్ చేసి, కాలు తీసి, మళ్ల ఆన్ చేస్తే సరైతది. అసలు పియానో మీదనైతే స్టూల్ కొంచెం కుడికి జరుపుకొని ఎడమకాలుతోనే కుడి పెడల్ తొక్కుత. నడుము వంకర పోతది, ఎక్కువసేపు కూసోను.

చిన్నచేతులు, హన్మకొండ
టీచరమ్మా, కింది జి షార్ప్ తీసేసి ఇప్పుడే వాయించి చూసిన. మణికట్టు వదులుగ ఉన్నది, పై నోటు ఇంతకుముందు కన్నా గట్టిగ పలుకుతాంది! పరీక్షల ఇట్ల వాయిస్తే మార్కులు కోస్తరా?

టీచరమ్మ, నక్కలగుట్ట
ఏబీఆర్‌ఎస్‌ఎం అనే బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు పియానో సిలబస్‌లో ఈ వెసులుబాటు ఉంది. చెయ్యి అందనిచోట కార్డ్ విరవొచ్చు, నోటు వదలొచ్చు, సంగీతం మాత్రం చెడకూడదు. వేరే బోర్డైతే వాళ్ల సిలబస్ చూసుకో. వదిలిన నోటు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టు. రోజుకో రకంగా మారిస్తే చేతికి గుర్తుండదు.

చిన్నచేతులు, హన్మకొండ
సరేనమ్మా. ఎడమచేతి కార్డ్‌లల్ల ఏవి వదలాల్నో నాకు ఇంకా తెలుస్తలేదు. రాత్రికి పేజీ ఫోటో పెడ్త, చూసి చెప్పండి.