రెండు నెలల కోడిపిల్లల్లో పుంజేదో పెట్టేదో ఖాయంగా ఎలా తేల్చాలి?

ప్రశ్న (పెరటిగూడు): ఎనిమిది వారాల పిల్లలు తొమ్మిది ఉన్నాయి, రెండు మూడు జాతులు కలిసినవి. నాలుగింటికి జుట్టు (నెత్తిమీది కండ తురాయి) ఎర్రబడింది. రెండు పిల్లలు ఛాతీ ఎగరేసి ఒకదానిమీదికొకటి వెళ్తున్నాయి. ఒక్క పుంజునే ఉంచుకుని మిగతా పుంజుల్ని తీసేయాలి. పొరపాటున పెట్టను పంపేయకూడదు. ఎప్పటికి తేలుతుంది?

గింజలబుట్ట: కొట్లాటను లెక్కలోకి తీసుకోకండి, ఈ వయసులో పెట్టపిల్లలూ ఛాతీలు గుద్దుకుంటాయి. కాలి వెనక బుడిపె కూడా రెంటికీ ఉంటుంది. ప్రస్తుతానికి జుట్టే ఆధారం, కానీ ఒకే జాతి, ఒకే ఈడు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే. ఆరు నుంచి ఎనిమిది వారాలకు పుంజుపిల్ల జుట్టు మందంగా, ఎర్రగా అవుతుంది, గడ్డం కింది తమ్మెలు కూడా బయటపడతాయి. పెట్టపిల్లది చిన్నగా, పాలిపోయి ఉంటుంది, గుడ్లకు వచ్చే ముందుగానీ ఎర్రబడదు. లెగ్‌హార్న్ లాంటి తేలిక జాతుల్లో పెట్టల జుట్టు కూడా త్వరగా పెరుగుతుంది. దాన్ని బరువు జాతి పిల్లతో పోలిస్తే పెట్టే పుంజులా కనిపిస్తుంది.

ఇంకో చిక్కుంది. గుంపులో అణిగి ఉండే పుంజుపిల్ల జుట్టు ఆలస్యంగా ఎర్రబడుతుంది, కూత కూడా వేయదు. పేలు, నులిపురుగులు ఉన్నా జుట్టు పాలిపోతుంది. అందుకే ఎర్రగా ఉంటే పుంజని అనుమానించవచ్చు గానీ, పాలిపోయి ఉంటే పెట్టేనని అనడానికి లేదు.

ఈకలపెట్టె: పైవారు చెప్పింది సరైనదే, కానీ తీర్పు జుట్టుది కాదు, నడుం ఈకలది. పది వారాల నుంచి చూడండి. పిల్లను చంకలో పట్టుకుని, తోక మొదలుకు ముందున్న ఈకల్ని వేలితో వెనక్కి దువ్వండి. మొదటి ఈకలు రెంటికీ గుండ్రంగానే ఉంటాయి, వాటిని చూసి మోసపోవద్దు. ఆ పాత ఈకల మధ్య నుంచి సన్నగా, మొన తేలి, నిగనిగలాడుతూ కొత్త ఈక ఒకటి రెండు పొడుచుకొస్తే అది పుంజే. పెట్టకు కొత్తగా వచ్చేవి కూడా గుండ్రటి చివరతోనే వస్తాయి. పన్నెండు, పద్నాలుగు వారాలకు పుంజుకు ఇవి నడుం ఇరువైపులా కుచ్చులా వేలాడతాయి. రంగురంగుల పిల్లల్లో భుజాల మీద అక్కడక్కడా ముదురు ఎరుపు మచ్చలు తేలడం కూడా పుంజు గుర్తే.

అనుమానం ఉన్నవాటి కాళ్లకు వేర్వేరు రంగుల రింగులు వేసి, వారానికోసారి అదే చోట ఫొటో తీసుకోండి. కాలు లావవుతుంది కాబట్టి రింగు బిగుసుకోకుండా మారుస్తుండాలి.

పెరటిగూడు: వీటిలో ఒకటి అసీల్ కలిసినది, జుట్టు నెత్తికి అతుక్కుని ఉంది. ఇంకొకటి సిల్కీ. వీటికీ ఇదేనా? ఈసారి ఒక రోజు పిల్లలప్పుడే రెక్క చూసి చెప్పొచ్చంటారు, నిజమేనా?

ఈకలపెట్టె: అసీల్‌కు మూడు వరసల పొట్టి జుట్టు. మధ్య వరస వెడల్పై ఎర్రబడితే పుంజనుకోవచ్చు, నడుం ఈకతో ఖాయం చేసుకోండి. సిల్కీ ఈకకు మామూలు ఆకారమే ఉండదు, అయిదారు నెలలు ఆగక తప్పదు. కూతో గుడ్డో వచ్చేదాకా దాన్ని ఎవరికీ ఇవ్వకండి.

గింజలబుట్ట: రెక్క పద్ధతి అన్ని పిల్లలకూ పనికిరాదు. తండ్రి ఈకలు త్వరగా వచ్చే రకం, తల్లి ఆలస్యంగా వచ్చే రకం అయితేనే పనిచేస్తుంది. అప్పుడు రెక్క విప్పితే పెట్టపిల్లకు కింది వరస ఈకలు పై వరస కంటే స్పష్టంగా పొడుగుంటాయి. పుంజుపిల్లకు రెండూ సమానం, లేదా పైవే పొడుగు. రెండు మూడు రోజులు దాటితే ఆ తేడా పోతుంది.

రంగుతో తేల్చాలంటే చారల పెట్టకు చారల్లేని పుంజును కలపండి. ఉదాహరణకు బార్డ్ ప్లిమత్ రాక్ పెట్ట, రోడ్ ఐలాండ్ రెడ్ పుంజు. నల్లటి పిల్లల్లో నెత్తిన తెల్ల మచ్చ ఉన్నది పుంజు, లేనిది పెట్ట. పుంజునూ పెట్టనూ తారుమారు చేస్తే ఇది పనిచేయదు, ఆ పిల్లల పిల్లల్లోనూ పనిచేయదు. గుడ్డు మొన చూసి పొదగేయడం మాత్రం వృథా, దానికీ పుంజుకూ సంబంధం లేదు. పిల్ల మలద్వారం నొక్కి చూసే పద్ధతి శిక్షణ పొందినవాళ్లది. అలవాటు లేని చేతుల్లో లోపల గాయమై పిల్ల చచ్చిపోవచ్చు, దయచేసి ప్రయత్నించకండి.