చెరువుల మ్యాపింగ్‌కి క్యూజిఐఎస్ సరిపోతుందా, లేక లైసెన్స్ కొనాల్సిందేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేము ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల చెరువుల మీద పనిచేసే చిన్న సంస్థ వాళ్ళం, నారాయణపేట వైపు కొన్ని ఊర్లు, నాగర్‌కర్నూల్ వైపు కొన్ని. కట్ట, తూము, అలుగు, శిఖం హద్దు, ఆయకట్టు అన్నీ మ్యాప్ మీదికి ఎక్కియ్యాలె, ఏ ఏడు ఎంతమేర నీళ్ళు నిలిచినయో కూడా చూపెట్టాలె. ఇన్నాళ్ళు ఆఫీసుల ఎవరో వేసిపెట్టిన క్రాక్ సాఫ్ట్‌వేర్ మీదనే నడిపించినం, ఈసారి ఫండ్ ఇచ్చేటోళ్ళు లైసెన్స్ కాగితాలు అడుగుతున్నరు. కొనే స్తోమత లేదు. మ్యాపులు గీసే క్యూజిఐఎస్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ అంటున్నరు గని ఫ్రీగ వచ్చిన దాంట్ల లెక్కలు సరిగ ఉంటయా, రేపు ఇరిగేషన్ ఆఫీసుల పెడితే ఒప్పుకుంటరా అని మా సార్‌కి డౌట్. ఇంకోటి, ఒక ల్యాప్‌టాప్‌ల ట్రయల్ వేసి చూస్తే నారాయణపేట చెరువులన్నీ పోయి బంగాళాఖాతంల పడ్డయి. ఇది సాఫ్ట్‌వేర్ తోనా, మాతోనా? చెప్పండన్నా.

జవాబు:
తమ్ముడూ ముందు బంగాళాఖాతం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ సార్ డౌట్‌కి సగం జవాబు అందులోనే ఉంది.

భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిని యూటీఎం అంటారు, అందులో ఆరేసి డిగ్రీలకి ఒక జోన్. 78 డిగ్రీల రేఖ దాదాపు మహబూబ్‌నగర్ టౌన్ పక్కనుంచే పోతుంది, దానికి పడమర 43వ జోన్, తూర్పు 44. అంటే నారాయణపేట 43లో, నాగర్‌కర్నూల్ 44లో, మీ సంస్థ పని సరిగ్గా ఆ గీతకి రెండు వైపులా ఉందన్నమాట. మీ వాళ్ళలో ఎవరో 43లో కొలిచిన లేయర్‌కి (మ్యాప్‌లో ఒక పొర) సీఆర్ఎస్, అంటే అంకెలు ఏ కొలత పద్ధతివో, అడిగినప్పుడు హైదరాబాద్‌కి వాడే 44వ జోన్ కోడ్ ఈపీఎస్‌జీ 32644 ఇచ్చేసి ఉంటారు. అంకెలు అవే, జోన్ మారింది, దాంతో మొత్తం ఆరు డిగ్రీలు తూర్పుకి జరిగి, సుమారు 640 కిలోమీటర్లు, కాకినాడ దాటి సముద్రంలో తేలాయి. లేయర్ మీద రైట్ క్లిక్ కొట్టి, సెట్ లేయర్ సీఆర్ఎస్‌లో 43వ జోన్ కోడ్ 32643 పెట్టండి, వెనక్కి వచ్చేస్తాయి. ఆ తర్వాత అన్నీ ఒకే జోన్‌లో కావాలంటే అప్పుడు రీప్రాజెక్ట్ లేయర్ టూల్ వాడండి. సెట్ చేయడం అంటే ఈ అంకెలు ఏ జోన్‌వో చెప్పడం మాత్రమే, అంకెలు మారవు, రీప్రాజెక్ట్ అంటే అంకెలనే మార్చడం. ఈ రెండిటినీ కలిపేసుకుంటే ఎన్ని లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ అయినా మీ చెరువుల్ని సముద్రంలోనే పడేస్తుంది.

ఇక లెక్కల మీద నమ్మకం. క్యూజిఐఎస్ 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టింది, ఇవాళ ప్రపంచమంతా ఉన్న డెవలపర్లు దాని మీద పనిచేస్తున్నారు. కానీ అసలు బరువు మోసేది దాని కింద ఉన్న లైబ్రరీలు, అంటే వేరే సాఫ్ట్‌వేర్లు వాడుకునే రెడీమేడ్ కోడ్. ఫైల్ ఫార్మాట్లు చదివేది రాసేది జిడాల్, ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని చదునైన మ్యాప్ మీదికి తెచ్చే లెక్కలు) మార్చేది ప్రోజ్. ఈ ప్రోజ్ పుట్టింది అమెరికా ప్రభుత్వ జియలాజికల్ సర్వేలో, జిడాల్‌ని 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టాడు. డబ్బు పెట్టి కొనే ఆర్క్‌జిఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ లోపల కూడా జిడాల్ ఉంది, గూగుల్ ఎర్త్ కూడా వాడుకుంటుంది. అంటే డబ్బు పెట్టి కొనేవాళ్ళు కూడా తెలియకుండా ఇదే ఓపెన్ సోర్స్ కోడ్ మీద ఆధారపడుతున్నారు. పైగా ఏ ఫార్ములాతో విస్తీర్ణం వచ్చిందో ఎవరైనా కోడ్ తెరిచి చూసుకోవచ్చు, భూమి హద్దుల గొడవలో ఇది చిన్న విషయం కాదు, "మీ అంకె ఎక్కడ్నుంచొచ్చింది" అని రైతు అడిగినా ఆఫీసర్ అడిగినా చూపించగలగాలి కదా.

ఆఫీసులు ఒప్పుకుంటాయా అంటే, కేంద్ర ప్రభుత్వమే 2015లో ఓపెన్ సోర్స్ వాడకం మీద పాలసీ తెచ్చింది, ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ టెండర్లలో ఓపెన్ సోర్స్‌ని తప్పనిసరిగా పరిశీలించాలని. ఆఫీసు అడిగేది ఫైల్ ఏ ఫార్మాట్, ఏ సీఆర్ఎస్, ఎలా కొలిచారు, ఇవే. ఏ సాఫ్ట్‌వేర్‌లో గీశారని నన్ను అడిగినవాళ్ళు తక్కువ. లైసెన్స్ కాగితం కావాలంటే క్యూజిఐఎస్‌తో వచ్చే జీపీఎల్ అనే ఉచిత లైసెన్స్ పేజీ ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టేయండి, అదే మీ కాగితం. ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా, డబ్బులు తీసుకుని పని చేసినా అభ్యంతరం లేదు, మీరు గీసిన మ్యాప్ మీదే.

ఇంకొకరు:
పైన అన్న చెప్పినదానికి ఒప్పుకుంటాను గానీ ఒక వైపే చెప్పొద్దు సార్. నేను ప్రైవేట్ కంపెనీలో సర్వే ప్రాజెక్టులు చూస్తాను, మా క్లయింట్లు జియోడేటాబేస్ అనే ఆర్క్‌జిఐఎస్ ఫార్మాట్‌లో, హద్దులు ఒకదానిమీద ఒకటి పడకుండా చూసే టోపాలజీ రూల్స్‌తో సహా ఇమ్మంటారు, అక్కడ క్యూజిఐఎస్‌తో నెగ్గుకురాలేం. ప్లగిన్లు, అంటే అదనంగా తగిలించుకునే టూల్స్, కూడా అంతే, ఒకరు ఇష్టపడి రాస్తారు, రెండేళ్ళకి వదిలేస్తారు, కొత్త వెర్షన్ వస్తే పనిచేయదు. ప్రాబ్లం వస్తే ఫోన్ చేసి తిట్టడానికి ఎవరూ ఉండరు.

జవాబు:
నిజమే, అందులో కాదనేదేం లేదు. జియోడేటాబేస్ చదవడం ఎప్పట్నుంచో ఉంది, జిడాల్ 3.6 నుంచి రాయడం కూడా వచ్చింది, అయినా మీరన్న టోపాలజీ రూల్స్ లాంటివి పూర్తిగా దాటవు, క్లయింట్ అదే అడిగితే ఆ సాఫ్ట్‌వేర్ కొనాల్సిందే. ప్లగిన్ల విషయంలో నా పద్ధతి ఒకటే, అసలు పని ప్లగిన్ మీద పెట్టుకోను, ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో ఉన్నవాటితోనే చేస్తాను. వెర్షన్ కూడా ఎల్‌టీఆర్ (ఎక్కువకాలం సరిచేస్తూ ఉండే వెర్షన్) అని రాసి ఉన్నదే వేసుకోవాలి, కొత్తది నాలుగు నెలలకోసారి వస్తూనే ఉంటుంది, దాని వెంట పరిగెత్తే అవసరం లేదు.

కానీ ఈ తమ్ముడి పని వేరు కదా. ప్రాజెక్టు అయిపోతుంది, ఫండ్ ఆగుతుంది, చెరువు మాత్రం అక్కడే ఉంటుంది. లైసెన్స్ ఏడాదికోసారి కట్టే రకం అయితే, కట్టని ఏడు ఆ ప్రాజెక్టు ఫైల్స్‌ని తెరిచేవాడే ఉండడు, గీసిన శ్రమంతా ఆఫీసు హార్డ్ డిస్క్‌లో పడుంటుంది. ఇలా ఆగిపోయిన పనులు నేను చాలా చూశాను, ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది, ఎండలో కట్టల మీద తిరిగి కొలిచినవాళ్ళ కష్టం అది. అదే క్యూజిఐఎస్‌లో ఉంటే ఆ ఊరి డిగ్రీ పిల్లాడు పాత ల్యాప్‌టాప్‌లో వేసుకుని తెరుస్తాడు, వచ్చే ఏడు తనే నీళ్ళ హద్దు గీస్తాడు, నీటి సంఘం వాళ్ళకి కాపీ ఇచ్చినా వాళ్ళూ చూసుకోగలరు. డబ్బు మిగలడం కన్నా నాకు ఇదే పెద్ద లాభం అనిపిస్తుంది. మిగిలిన డబ్బు కూడా ఉత్తగా మిగుల్చుకోకుండా ట్రైనింగ్‌కి పెట్టండి, ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని ట్రైనింగ్ ఎగ్గొట్టిన చోటే సముద్రంలో చెరువులు పుడతాయి.

మళ్ళీ అడిగినవాళ్ళు:
అన్నా చెరువులు ఒడ్డుకొచ్చినయి, చాలా థ్యాంక్స్! మా సార్ కూడా మెత్తబడ్డడు. ఇంక రెండు డౌట్లు. మా దగ్గర లేయర్లన్నీ షేప్‌ఫైల్స్, ఊరి పేర్లు తెలుగుల కొడితే ఒక సిస్టంల ప్రశ్న గుర్తులు వస్తున్నయి, "గ్రామం" అని కాలమ్ పెడితే సగమే నిలబడుతుంది. రెండోది, విస్తీర్ణం తీస్తే 0.00004 అని ఏదో వస్తుంది, ఎకరాలు గుంటల్లో కావాలె.

జవాబు:
షేప్‌ఫైల్ వదిలేయండి తమ్ముడూ, అది డీబేస్ అనే పాతకాలం డేటాబేస్ ఫార్మాట్ మీద కట్టింది. కాలమ్ పేరుకి పది బైట్లే చోటు, యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతానికి, సున్నాకి మూడేసి బైట్లు, ఒత్తుకి ఆరు పోతాయి, "గ్రామం" అనే మాటకే 18 కావాలి, అందుకే తెగిపోతుంది. ప్రశ్న గుర్తులు ఎన్‌కోడింగ్ తేడా వల్ల. ఎక్స్‌పోర్ట్ కొట్టి ఫార్మాట్ జియోప్యాకేజ్ ఎంచుకోండి, అందులో ఎప్పుడూ యూటీఎఫ్-8 యే, పైగా అన్ని లేయర్లూ ఒకే ఫైల్‌లో ఉంటాయి, ఈమెయిల్‌లో షేప్‌ఫైల్ ముక్కల్లో డీబీఎఫ్ మర్చిపోయి ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపే బాధ కూడా ఉండదు. ఆల్రెడీ ప్రశ్న గుర్తులుగా సేవ్ అయిపోయిన పేర్లు మాత్రం తిరిగి రావు, మళ్ళీ కొట్టాల్సిందే. లేబుల్స్‌కి నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టండి.

ఆ 0.00004 అనేది చదరపు డిగ్రీలు. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఏరియా ఫంక్షన్‌కి జామెట్రీ ఇస్తే లేయర్ ఏ యూనిట్లో ఉందో అందులోనే లెక్క కడుతుంది, మీది లాట్ లాంగ్ లేయర్. దాని బదులు పేరుకి ముందు డాలర్ గుర్తు ఉన్న ఏరియా ($area) వాడండి, అది ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఉన్న ఎలిప్సాయిడ్ (భూమి ఆకారపు నమూనా) మీద కొలుస్తుంది, యూనిట్ చదరపు మీటర్లు ఉందో లేదో అక్కడే చూసుకోండి. వచ్చినదాన్ని 4046.86తో భాగిస్తే ఎకరాలు, మిగిలిన దశాంశాన్ని 40తో గుణిస్తే గుంటలు. ఆంధ్రా వైపు వాళ్ళు చదువుతుంటే 100తో గుణించండి, సెంట్లు వస్తాయి. ఇంకో మేలు ఏంటంటే ఇలా తీస్తే మీ జోన్ గొడవ విస్తీర్ణాన్ని తాకదు, లేకపోతే నారాయణపేట చెరువుల్ని 44వ జోన్‌లో కొలిస్తే వెయ్యికి రెండు మూడు వంతులు ఎక్కువ చూపిస్తుంది.

ఇంకొకరు:
కాలేజీలో జాగ్రఫీ చెప్తాను, ఒక మాట కలుపుతున్నాను. శిఖం హద్దుకోసం పాత టోపోషీట్ (సర్వే మ్యాపు) స్కాన్ చేసి జియోరెఫరెన్స్ చేస్తారు కదా, అంటే దాన్ని భూమి మీద సరైన చోట కూర్చోబెడతారు, అక్కడ అందరూ జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 కొట్టేస్తారు. పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లు ఎవరెస్ట్ డేటమ్ (కొలతలకి పాతకాలం ఆధారం) మీద ఉంటాయి, మన వైపు తూర్పు పడమరల్లో వంద మీటర్లకి పైనే తేడా వస్తుంది, కట్ట పోయి పక్క పొలంలో కనబడుతుంది. జియోరెఫరెన్సర్‌లో ఆ డేటమ్‌కి అక్కడున్న పేరు కల్యాణ్‌పూర్ (Kalianpur) అని వెతికి అది పెట్టి, తర్వాత మార్చుకోండి. కొత్త ఓపెన్ సిరీస్ మ్యాపులకి ఈ సమస్య లేదు. ఇంకొకటి బాబూ, సాఫ్ట్‌వేర్ ఫ్రీ అయినంతమాత్రాన డేటా అంతా ఫ్రీ కాదు, గూగుల్ శాటిలైట్ బొమ్మ వెనకాల పెట్టుకుని హద్దులు గీసి ఇవ్వడానికి వాళ్ళ షరతులు ఒప్పుకోవు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడితే మ్యాప్ మీద వాళ్ళ పేరు వేయాలి.

జవాబు:
చాలా మంచి మాట మేడమ్. గూగుల్ బొమ్మ బదులే సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మలు వాడమంటాను, యూరప్ వాళ్ళది, ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, 2015 నుంచి బొమ్మలున్నాయి, పది మీటర్ల పిక్సెల్. ఏ ఏడు ఎంత నీళ్ళు అన్నదానికి ఇదే దారి. రాస్టర్ కాలిక్యులేటర్‌లో బ్యాండ్ 3 (ఆకుపచ్చ కాంతి) లోంచి బ్యాండ్ 8 (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్) తీసేసి ఆ రెండిటి మొత్తంతో భాగించండి, సున్నాకి పైన వచ్చినవి చాలావరకు నీళ్ళు. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువుల్లో ఇది నీళ్ళని చూపించదు, అక్కడ మనిషి పోయి చూసి రావాలి. పాత ఏళ్ళతో పోల్చేటప్పుడు ఇంకో పట్టింపు ఉంది, 2022 జనవరి 25 నుంచి ఆ ఫైళ్ళలో ప్రతి అంకెకీ 1000 కలిపి ఇస్తున్నారు. ఫైల్ పేరులో ఎన్ 0400 గానీ అంతకన్నా పెద్ద నంబర్ గానీ కనిపిస్తే ముందు ప్రతి బ్యాండ్ నుంచి 1000 తీసేసి అప్పుడు లెక్క కట్టండి, లేకపోతే 2021కి 2022కి మధ్య చెరువే మారిపోయినట్టు వస్తుంది.

తూములు, అలుగులు కొలవడానికి ఫోన్‌లో క్యూఫీల్డ్ యాప్ వేసుకోండి, క్యూజిఐఎస్‌లో చేసిన ప్రాజెక్ట్ అలాగే అందులో తెరుచుకుంటుంది, సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది, తూము ఫోటో తీస్తే ఆ పాయింట్‌కే అతుక్కుంటుంది. మామూలు ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ పోతుంది, తూముకి పర్లేదు, శిఖం హద్దుకి మాత్రం దాన్ని నమ్మొద్దు, అక్కడ డీజీపీఎస్ (ఇంకా కచ్చితంగా కొలిచే జీపీఎస్) ఉన్న సర్వేయర్‌నే పిలవండి.

మళ్ళీ అడిగినవాళ్ళు:
అర్థమైంది అన్నా, మేడమ్‌కి కూడా నమస్తే. జియోప్యాకేజ్‌ల మొత్తం మార్చినం. నాగర్‌కర్నూల్ టీంకి పెన్‌డ్రైవ్‌ల ఇస్తే మా నిన్నటి ఎడిటింగ్ కనబడ్తలేదంటున్నరు?

జవాబు:
క్యూజిఐఎస్ తెరిచి ఉండగా కాపీ కొట్టి ఉంటారు. ఫైల్ పక్కనే అదే పేరుతో వాల్ (-wal) అని చివర ఉన్న ఇంకో చిన్న ఫైల్ కనిపిస్తుంది చూడండి, మీ కొత్త ఎడిటింగ్ అందులో ఉండిపోయింది. సేవ్ చేసి, క్యూజిఐఎస్ పూర్తిగా మూసేయండి, ఆ చిన్న ఫైల్ దానంతట అదే మాయమవుతుంది, అప్పుడు కాపీ చేసి ఇవ్వండి.