విల్లీ నెల్సన్ 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' ఇంత ఖాళీగా ఎందుకుంటుంది?

రాత్రిపాట:
అందరికీ నమస్తే. కంట్రీ మ్యూజిక్ నాకు కొత్త, ఈ మధ్యే జానీ క్యాష్‌తో మొదలుపెట్టా. ఎవర్ని అడిగినా ముందు విల్లీ నెల్సన్ 1975 ఆల్బమ్ 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' విను అంటున్నారు, సరే అని నిన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు విన్నా. గొంతు బాగుంది, కాదనను. కానీ ఒక గిటారు, అక్కడక్కడా పియానో, ఎప్పుడో ఓసారి మౌతార్గాన్, అంతే. కొన్ని ట్రాక్స్ నిమిషం కూడా లేవు, మొదలైందనుకునేలోపే అయిపోతున్నాయి. మొదట్లో విన్న ట్యూనే మళ్ళీ మళ్ళీ వస్తోంది. రికార్డింగ్ సగంలో ఆపేశారేమో అనిపించింది. నాకు అందనిదేంటి ఇందులో? ఎలా వినాలో కాస్త చెప్పండి.

నల్లరికార్డు:
మీకు అనిపించిందే ఈ ఆల్బమ్ రిలీజ్ చేసిన కంపెనీ కొలంబియా రికార్డ్స్ వాళ్ళకీ అనిపించిందండి. టేపు వినిపిస్తే ఇది డెమోలా, అంటే అసలు రికార్డింగ్‌కి ముందు చేసే నమూనాలా ఉంది కదా అన్నారు. ఎందుకంటే కంట్రీ మ్యూజిక్‌కి కేంద్రమైన నాష్‌విల్ నగరంలో అప్పటి పద్ధతి వేరు, వెనక వయొలిన్లు, కోరస్, స్టూడియో వాయిద్యకారులు, సింగర్ వచ్చి ప్రొడ్యూసర్ చెప్పినట్టు పాడి వెళ్ళిపోవాలి. విల్లీ 60లంతా అలాగే పాడాడు, పాపం. ఆయన రాసిన 'క్రేజీ'ని 1961లో పాట్సీ క్లైన్ పాడితే పెద్ద హిట్, అదే తన గొంతుతో వచ్చిన రికార్డులు అంతగా ఆడేవి కావు. చివరికి నాష్‌విల్ వదిలేసి సొంత రాష్ట్రం టెక్సాస్ వెళ్ళిపోయాడు. కొలంబియాతో కాంట్రాక్టు కుదిరినప్పుడు ఏం పాడాలి, ఎలా పాడాలి అన్నది తన చేతిలోనే ఉండేలా రాయించుకున్నాడు, అదే ఈ ఆల్బమ్‌ని కాపాడింది. 1975 జనవరిలో డాలస్ పక్కన గార్లాండ్‌లో ఆటమ్ సౌండ్ అనే స్టూడియోలో తన సొంత బ్యాండ్‌తో కూర్చుని కొద్ది రోజుల్లో ముగించేశాడు, ఖర్చు సుమారు 4,000 డాలర్లు అని చెప్తారు. కంపెనీకి నచ్చకపోయినా ఉన్నది ఉన్నట్టే రిలీజ్ చేయాల్సొచ్చింది. అందులోంచి 'బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ద రెయిన్' కంట్రీ చార్ట్‌లో నంబర్ వన్ అయ్యింది, సింగర్‌గా ఆయనకి అదే మొదటి నంబర్ వన్, అప్పటికి 42 ఏళ్ళు. పైగా అది కొత్త పాట కూడా కాదు, ఫ్రెడ్ రోజ్ రాసింది, రాయ్ ఎకఫ్ 40ల్లోనే పాడేశాడు.

గుర్రపుడెక్క:
పైన చెప్పిందంతా కరెక్టే కానీ అసలు సంగతి కథలో ఉంది. షఫుల్‌లో పెడితే ఏమీ అర్థం కాదు, మొదటి ట్రాక్ నుంచి వరసగా వినాలి. 1901లో ఒక ప్రీచర్, భార్య వదిలేసి పాత ప్రియుడితో వెళ్ళిపోతుంది, ఈయన వెతుక్కుంటూ వెళ్ళి మోంటానాలో ఇద్దర్నీ కాల్చేస్తాడు, ఇక అక్కడ్నించి గుర్రమెక్కి ఊరూరా తిరుగుతూనే ఉంటాడు. మీరు మళ్ళీ మళ్ళీ వస్తోందన్న ట్యూన్ ఉంది చూడండి, అది బుర్రకథలో వంతలాంటిది, వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి ఇంకోలా మారిపోయి ఉంటాడు. ఆ చంపే చోటు ఇంకోసారి వినండి. రెండు ప్రాణాలు పోతున్నా గొంతు ఒక్క మెట్టు పైకి ఎక్కదు, డ్రమ్స్ దడదడలాడవు, ఏమీ జరగనట్టే పాట ముందుకెళ్ళిపోతుంది. నాకు అక్కడే ఒళ్ళు జలదరిస్తుంది. మీరు ఖాళీ అంటున్నది ఆ మనిషి లోపలి ఖాళీనే, దాంట్లో వయొలిన్లు నింపితే కథే చచ్చిపోతుంది.

నైలాన్_తీగ:
గిటారు గురించి ఎవరూ చెప్పలేదేంటి! అది మార్టిన్ ఎన్-20, నైలాన్ తీగల క్లాసికల్ గిటారు, పేరు ట్రిగర్. 1969 నుంచి అదే. ఆ రకం గిటారుకి పిక్‌గార్డ్ (చెక్క గీరుకుపోకుండా అతికించే పలక) ఉండదు, ఈయనేమో పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళ) గీకుతాడు, అలా గీకీ గీకీ చెక్కకి బొక్కే పడింది, ఇప్పటికీ దాన్నే వాయిస్తున్నాడు. 'బ్లూ ఐస్'లో మధ్యలో వచ్చే గిటారు బిట్ వినండి, వేళ్ళ విన్యాసాలేం ఉండవు, పాట ట్యూన్‌నే వాయిస్తాడు, అదీ మాట్లాడుతున్నట్టు. పాడటమూ అంతే, తాళం ఒక చోట ఉంటే మాట కాస్త ఆగి వెనక వస్తుంది, ఒక్కోసారి ముందే వచ్చేస్తుంది. వెనక ఇన్ని వాయిద్యాలు పెట్టి ఉంటే ఆ ఆగడం మనకి వినపడేదే కాదు. పియానో వాయించేది వాళ్ళ అక్క బాబీ నెల్సన్, 'జస్ట్ యాజ్ ఐ యామ్' అనే చర్చి పాటని మాటల్లేకుండా వాయించింది కదా, హత్యల తర్వాత అది వస్తుంటే ఎలా ఉంటుందో చూడండి.

వెన్నెల్లో:
నాకూ ఈ ఆల్బమ్ ప్రాణం, కానీ ఒకటి చెప్పాలి. టైటిల్ పాటలో ఇంకో ఆడమనిషి ఆ చనిపోయిన భార్య గుర్రం మీద చెయ్యి వేసిందని కాల్చేస్తాడు, గుర్రం దొంగతనం చేయబోయింది కాబట్టి శిక్ష కూడా ఉండదు. ఆ పాట విల్లీ రాసింది కాదు, 50ల నాటిది, రేడియోలో డీజేగా ఉన్నప్పుడు వేసేవాడు, పిల్లల్ని నిద్రపుచ్చడానికి కూడా పాడేవాడు. అయినా సరే నాకు ప్రతిసారీ అక్కడ గుండె పట్టేస్తుంది. ఆ ఇద్దరాడవాళ్ళ వైపు నుంచి ఒక్క మాట కూడా లేదు.

గుర్రపుడెక్క:
@వెన్నెల్లో నిజమేనండి, నేను వాదించను. అయితే దీనికి ముందు ఏడాది, 1974లో, ఆయనే 'ఫేజెస్ అండ్ స్టేజెస్' చేశాడు, విడిపోయిన జంట కథ. ఎల్పీలో మొదటి సైడ్ అంతా భార్య వైపు నుంచి, రెండో సైడ్ భర్త వైపు నుంచి. దీని పక్కన పెట్టుకుని వినాల్సిందే.

రాత్రిపాట:
థాంక్స్ అందరికీ. లైట్లు ఆపేసి, ఫోన్ పక్కన పడేసి, వరసగా మళ్ళీ విన్నా. 'జస్ట్ యాజ్ ఐ యామ్' దగ్గర కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయా. చివర్లో 'బండేరా' కూడా మాటల్లేకుండానే ముగుస్తుంది కదా, అయిపోయాక చాలాసేపు హెడ్‌ఫోన్స్ తీయబుద్ధి కాలేదు. రేపు 'ఫేజెస్ అండ్ స్టేజెస్' మొదటి సైడ్ పెడతా, విని ఇక్కడే రాస్తా.