గ్యాస్ బండ తూచే స్టాండు: ఇన్వెస్టర్ల ముందు ఎంతవరకు చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. పండగ పూట వంట మధ్యలో గ్యాస్ అయిపోయి అమ్మ పడ్డ అవస్థ చూశాక, సిలిండర్ కింద పెట్టే స్టాండు ఒకటి తయారుచేశాను. లోపల బరువు కొలిచే సెన్సర్ (లోడ్ సెల్) ఉంటుంది. బండ మీద రాసి ఉండే ఖాళీ బరువు నమోదు చేస్తే, 14.2 కిలోల గ్యాస్‌లో ఎంత మిగిలిందో చూపిస్తుంది. ఆ ఖాళీ బరువు అన్ని బండలకూ ఒకేలా ఉండదు కాబట్టి, మార్చినప్పుడల్లా మళ్లీ కొట్టాలి. అమ్మకు అదే విసుగు!

వచ్చే నెల హైదరాబాద్‌లో ఇద్దరు ఇన్వెస్టర్లను కలవబోతున్నాను. ఒకటే టెన్షన్. నా ఐడియా బయట చెప్పమనే ఒప్పందం మీద ముందే వాళ్ల సంతకం అడుగుతానంటే, మొదటి మీటింగ్‌లో ఎవరు పెడతారని ఫ్రెండ్ నవ్వాడు. ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేస్తే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువు ఉంటుంది, వ్యక్తులకు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలే. కానీ ఇలాంటి స్టాండ్లు ఇప్పటికే బజార్లో ఉన్నాయి. నా దాంట్లో కొత్తదల్లా బండ కదిలినా లెక్క తప్పకుండా చేసిన అమరిక ఒక్కటే. దానికోసం పేటెంట్ దండగంటారా, వేసి వెళ్లడమే మంచిదా?

ఇంకోటి, నా దగ్గరున్నది ఒక్క నమూనానే. ఓ ఇరవై ఇళ్లలో వాడించి ఆ లెక్కలు చూపిస్తే వాటా తక్కువ అడుగుతారా? ఈ దారిలో వెళ్లినవాళ్లు కాస్త చెప్పండి.