స్టాకోసెరస్ కొమ్ములకు తొడుగు ఒకటా, రెండా?

పిల్లల సైన్సు పోస్టరు కోసం, ఉత్తర అమెరికాలో ఉండే జింకలాంటి జంతువైన ప్రాంగ్‌హార్న్ కుటుంబంలో అంతరించిపోయిన స్టాకోసెరస్‌ని గీస్తున్నాను. వారంగా కొమ్ముల దగ్గరే ఆగిపోయాను. ఇప్పటి ప్రాంగ్‌హార్న్‌లో లోపలి ఎముక చదునుగా, చీలిక లేకుండా ఉంటుంది. చీలేది పైతొడుగే, అది ఏటా ఊడిపోతుంది కూడా. స్టాకోసెరస్‌లో మాత్రం ఎముకే మొదలు దగ్గరే రెండుగా చీలుతుంది, రెండు కొమ్మలూ దాదాపు సమానం. (అదే కుటుంబంలో అంతరించిపోయిన మరో జంతువు టెట్రామెరిక్స్‌లో వెనకది బాగా పొడుగు, కాబట్టి దాన్ని చూసి గీయలేను.)

పుర్రె ఫొటోలు పెట్టుకుని రెండుసార్లు గీశాను. ఒకే తొడుగు వేస్తే మధ్య సందు పూడిపోయి కొమ్ము మొద్దులా అయింది. విడివిడిగా వేస్తే మన నాలుగు కొమ్ముల కొండగొర్రెలా కనిపిస్తోంది. పిల్లలకు తప్పు బొమ్మ చూపించడం నాకు ఇష్టం లేదు.

ఆ రెండు ఎముక కొమ్మలకూ కలిపి ఒకే తొడుగు ఉండేదా, దేనికది వేరుగా ఉండేదా?